వలస వచ్చి, వలసలకు దారి వేసిన హెన్రీ విల్లార్డ్

మన దేశంలో రైలు మార్గాలు చాలావరకు అప్పటికే ఉన్న ఊళ్లను కలుపుతూ సాగాయి. అమెరికా పడమటి ప్రాంతంలో మాత్రం చాలాచోట్ల ముందు రైలు వచ్చింది, తర్వాత ఊళ్లు వెలిశాయి. ప్రయాణికులూ సరుకూ కావాలంటే రైల్వే కంపెనీలే జనాన్ని రప్పించుకోవలసి వచ్చింది. అందుకు అవి వాడిన గొప్ప సాధనం రంగురంగుల పటం. అటువంటి పటాలను సముద్రాలు దాటించిన వారిలో హెన్రీ విల్లార్డ్ ప్రముఖులు.

ఆయన 1835 ఏప్రిల్ 10న జర్మనీలోని స్పేయర్ పట్టణంలో జన్మించారు. అసలు పేరు హైన్రిష్ హిల్గార్డ్. తండ్రి న్యాయాధికారి. తండ్రితో పొసగక 1853లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఇంట్లో చెప్పకుండా ఓడ ఎక్కి అమెరికా చేరారు. అక్కడ పేరు మార్చుకున్నారు. 1856లో కాన్సాస్‌లో జర్మన్ల కాలనీ ఒకటి స్థాపించాలని ప్రయత్నించి విఫలులయ్యారు.

తర్వాత పత్రికా విలేఖరిగా పేరు తెచ్చుకున్నారు. 1858లో ఒక చిన్న స్టేషన్‌లో వాన ముంచుకురాగా, ఖాళీ గూడ్స్ పెట్టెలో తలదాచుకున్న ఇద్దరిలో ఒకరు విల్లార్డ్, మరొకరు అబ్రహాం లింకన్!

1864లో అధ్యక్షుడిగా అదే లింకన్ సంతకం చేసిన చట్టంతో నార్తర్న్ పసిఫిక్ రైల్వే పుట్టింది. మార్గానికి ఇరువైపులా, చదరంగం బల్ల గళ్లలా, ఒక గడి కంపెనీకి, పక్క గడి ప్రభుత్వానికి చెందేలా భూములు కేటాయించారు. ఒక్కో గడి 640 ఎకరాలు. అయితే అనేక పటాల్లో ఆ మేర మొత్తానికి ఒకే రంగు పూసేవారు. చూసేవారికి అంతా కంపెనీ భూమే అనిపించేది.

జే కుక్ అనే బ్యాంకరు హయాంలో ఈ ప్రచారం మరీ శ్రుతి మించింది. చలికి పేరుపడిన ఉత్తరపు భూములు వెచ్చనివని చూపేలా పటం మీద ఉష్ణోగ్రత రేఖలను పైకి వంచారు. పత్రికలు దాన్ని అరటి మండలమని ఎగతాళి చేశాయి. 1873లో కుక్ బ్యాంకు మూతపడింది. దేశమంతా ఆర్థిక సంక్షోభం వ్యాపించింది.

ఆ సంక్షోభంలో నష్టపోయిన జర్మన్ మదుపుదారుల తరఫున విల్లార్డ్ ఆరెగాన్ వెళ్లి అక్కడి రైల్వే వ్యవహారాలు చక్కదిద్దారు. జనం లేనిదే రైలుకు రాబడి లేదని గ్రహించి, వలసదారుల కోసం కార్యాలయాలు నడిపారు. 1881లో నార్తర్న్ పసిఫిక్ అధ్యక్షులయ్యారు. పటాలూ, కరపత్రాలూ అనేక భాషల్లో అచ్చయి యూరప్ పల్లెలకు చేరాయి. 1883 సెప్టెంబరు 8న మోంటానాలోని గోల్డ్ క్రీక్ వద్ద మార్గం పూర్తయింది. ఖర్చు అంచనాలు మించి వాటాల ధర పడిపోవడంతో 1884 జనవరిలో ఆయన పదవి వదులుకున్నారు.

పటంలో గీసిన రైలు గీత నిజమే. పటం చెప్పని సంగతులు మాత్రం చాలా ఉన్నాయి. ఆ నేల సూ, క్రో తెగల వారిదన్న సంగతి రంగుల కింద మరుగున పడింది. వాన చాలని నేల కూడా పచ్చగానే కనిపించింది. 1880ల చివర వచ్చిన కరువుకు డకోటాలో ఎన్నో కుటుంబాలు పొలాలు వదిలి వెళ్లాయి. పటాన్ని నమ్మి ఇల్లు అమ్ముకుని వచ్చినవారికి వెనక్కి వెళ్లే దారి ఉండేది కాదు. నిలదొక్కుకున్నవారూ ఉన్నారు. పడమటి తీరంలో టకోమా వంటి పట్టణాలు పెరిగింది రైలు వల్లనే.

అప్పుల్లో ఉన్న ఆరెగాన్ విశ్వవిద్యాలయాన్ని విల్లార్డ్ ఆదుకున్నారు. పుట్టిన గడ్డకూ విరాళాలిచ్చారు. 1900 నవంబరు 12న కన్నుమూశారు.

ఆనాటి పటాలు నేడు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉన్నాయి. ఆ మార్గం చేరిన పసిఫిక్ తీరంలోనే, సియాటిల్ పరిసరాల్లో, ఈనాడు ఎందరో తెలుగు పిల్లలు ఉద్యోగాలు చేసుకుంటున్నారు. కాలం మారినా పరాయి దేశం గురించిన రంగుల ప్రకటనలు ఆగలేదు. దారి చూపే పటాన్ని గౌరవిద్దాం. అందులో ఏది గీయలేదో కూడా అడిగి తెలుసుకోమని మన పిల్లలకు చెబుదాం.