విమానాల గన్‌తో ట్యాంకుల్ని ఆపిన రోమెల్

ఉప్పల్, నాచారం కంపెనీల చుట్టూ ఇంటర్వ్యూలకు తిరుగుతున్నారా? మీ బ్రాంచ్ వేరు, ఈ పోస్టు వేరు అన్న మాట ఒక్కసారైనా వినే ఉంటారు. అయితే జర్మన్ సేనాని ఎర్విన్ రోమెల్ జీవితం తెలుసుకోండి. అందులో నేర్చుకోవాల్సింది ఉంది, భయపడాల్సిందీ ఉంది.

1891లో టీచర్ ఇంట్లో పుట్టాడు. పద్నాలుగేళ్లకే స్నేహితుడితో కలిసి గ్లైడర్ తయారుచేశాడు. ఇంజినీర్ కావాలన్నది కోరిక. తండ్రి ఒప్పుకోలేదు. సైన్యంలో ఫిరంగి దళానికి, ఇంజినీర్ల దళానికి ప్రయత్నిస్తే చోటు దొరకలేదు. చివరికి 1910లో పదాతి దళంలో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పెద్ద శౌర్య పతకమే సాధించాడు. తర్వాత హిట్లర్ రక్షణ దళానికి అధిపతిగా ఉండి, ఆయనకు దగ్గరయ్యాడు. ఆ దగ్గరితనంతోనే, ట్యాంకుల అనుభవం లేకపోయినా 1940 ఫిబ్రవరిలో 7వ పాంజర్ డివిజన్ చేతికొచ్చింది.

అదే ఏడాది మే 21న ఫ్రాన్స్‌లోని అరాస్ దగ్గర బ్రిటిష్ మటిల్డా ట్యాంకులు అతని దళంపై విరుచుకుపడ్డాయి. వాటి ముందుభాగం ఉక్కు చాలా మందంగా ఉండేది. జర్మన్ల 37 మి.మీ. యాంటీ ట్యాంక్ గన్లు వాటిని ఏమీ చేయలేకపోయాయి. రోమెల్ స్వయంగా గన్ల దగ్గరికి పరుగెత్తి, దేన్ని కొట్టాలో చూపించాడు. ఫిరంగులతో పాటు, విమానాల్ని కూల్చే 88 మి.మీ. గన్లనూ ట్యాంకుల మీదికి తిప్పారు. దాడి ఆగిపోయింది.

ఇది ఎలా కుదిరింది? ఎంతో ఎత్తున ఎగిరే విమానాన్ని అందుకోవాలంటే గుండు చాలా వేగంగా వెళ్లాలి. ఈ గన్ తొమ్మిది కిలోలకు పైగా బరువున్న గుండును సెకనుకు దాదాపు 800 మీటర్ల వేగంతో విసురుతుంది. ఆ వేగమే ఉక్కును చీల్చింది. అదృష్టం అనుకోకండి. స్పెయిన్ అంతర్యుద్ధంలోనే దీన్ని నేల మీది లక్ష్యాలపై వాడి చూశారు. ఉక్కును ఛేదించే గుండ్లు ముందే సిద్ధం చేసుకున్నారు.

దీనికి లోపమూ ఉంది. గన్ ఎత్తు ఎక్కువ, దూరం నుంచే కనిపిస్తుంది. అందుకే 1941 జూన్‌లో ఈజిప్టులోని హల్ఫాయా కనుమ దగ్గర గోతులు తవ్వి, గొట్టం మాత్రమే నేలపైకి కనిపించేలా దించారు. అక్కడ దాడికి వచ్చిన మటిల్డాల్లో చాలావరకు ధ్వంసమయ్యాయి. ఆ ట్యాంకులతో పాటు ముందుకు నడిచిన వాళ్లలో మన భారత సైనికులూ ఉన్నారు.

ఇక భయపడాల్సిన సంగతి. ఇంత తెలివీ హిట్లర్ కోసమే ఖర్చయింది. 1944లో హిట్లర్‌పై జరిగిన హత్యాయత్నంలో పాత్ర ఉందని రోమెల్‌ను అనుమానించారు. విషం మింగుతావా, విచారణకు వస్తావా తేల్చుకోమన్నారు. భార్యాబిడ్డల్ని కాపాడుకోవడానికి అక్టోబర్ 14న విషం తీసుకున్నాడు. అప్పటికి వయసు 52. గాయాలతో చనిపోయాడని జనానికి అబద్ధం చెప్పి, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు.

మీరు చేయాల్సింది ఇదీ. రెజ్యూమెలో బ్రాంచ్ పేరు దగ్గరే ఆగిపోకండి, చేయగలిగిన పని రాయండి. కొత్త రంగానికి వెళ్లాలనుకుంటే అందులో ఒక చిన్న ప్రాజెక్టు ముందే చేసి పెట్టుకోండి. మీ లోపం ఏంటో మీకే ముందు తెలియాలి. ఆఫర్ లెటర్ వచ్చాక మాత్రం, జీతంతో పాటు ఇంకో సంగతీ చూడండి. మీ పనితనం ఎవరి చేతికి, దేనికోసం వెళ్తోంది? సంతకం పెట్టకముందే అడగండి.