గొంగళి నడక నేర్పిన బెంజమిన్ హోల్ట్



కాలువ గట్ల మీదనో, రోడ్ల పనిలోనో ఉద్యోగకాలం గడిపిన మనలో చైన్ ట్రాక్టరు ఎరుగని వారుండరు. చక్రాలకు బదులు ఇనుప పలకల గొలుసు మీద నడిచే ఆ యంత్రాన్ని చైన్ బండి అన్నాం. ముందు బ్లేడు ఉంటే డోజరు అన్నాం. పెద్ద పనులు ముగిశాక అటువంటివి ఎన్నో షెడ్ల వెనుక తుప్పు పట్టి, చివరకు తూకానికి పోయాయి. ఎక్కడైనా ఒకటి మిగిలి కనిపిస్తే దానిని కొని, బాగుచేసి, పదిమందీ చూసే చోట నిలబెడితే బాగుండునని మనలో కొందరి కోరిక. కోరిక మంచిదే. కాని కొనే ముందు అది ఏ యంత్రమో పోల్చుకోవాలి. పోల్చుకోవాలంటే దాని పుట్టుక తెలియాలి. ఆ పుట్టుక మన కోనసీమ వంటి ఒక డెల్టాలోనే జరిగిందని చాలామందికి తెలియదు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో బెంజమిన్ హోల్ట్ జీవితాన్ని క్లుప్తంగా మనవి చేస్తున్నాను.

హోల్ట్ 1849 జనవరి 1న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో జన్మించాడు. అప్పటికి మన ధవళేశ్వరంలో కాటన్ దొరగారి ఆనకట్ట పని (1847-1852) సగంలో ఉంది. హోల్ట్ కుటుంబానిది కలప వ్యాపారం. బండి చక్రాలకు కావలసిన కుంభాలు, ఆకులు తయారుచేయడానికి తగిన గట్టి కర్రను కోసి అమ్మేవారు. అన్నగారైన ఛార్లెస్ ముందుగా కాలిఫోర్నియా చేరి శాన్ ఫ్రాన్సిస్కోలో అదే వ్యాపారం సాగించాడు. తూర్పు ప్రాంతపు తేమలో ఆరిన కర్రతో చేసిన చక్రాలు కాలిఫోర్నియా పొడి ఎండకు బిగువు సడలి విరిగిపోయేవి. అక్కడి కర్రను అక్కడే ఆరబెట్టాలని అన్నదమ్ములు నిశ్చయించి, 1883లో స్టాక్టన్ పట్టణంలో చక్రాల కర్మాగారం పెట్టారు. దాని బాధ్యత బెంజమిన్ మీద పడింది. అప్పటికి ఆయనకు 34 ఏళ్ళు.

చక్రాలు చేయడంతో ఆయన ఆగలేదు. ఆ రోజుల్లో గోధుమ కోసి నూర్చే పెద్ద యంత్రాలను ఎన్నో గుర్రాలో కంచరగాడిదలో కలిసి లాగేవి. అవి బెదిరి పరుగు తీస్తే లోపలి పళ్ళ చక్రాలు ముక్కలయ్యేవి. హోల్ట్ ఆ పళ్ళ చక్రాల స్థానంలో లింకు గొలుసులు అమర్చి 1886లో కోత యంత్రాన్ని తయారు చేశాడు. గొలుసు తెగినా ఒక లింకు మార్చుకుంటే పని సాగేది. గొలుసు మీద ఆయనకు కుదిరిన గురి తరువాత పెద్ద పనికే ఉపకరించింది. 1890లో పశువుల బదులు లాగడానికి ఆవిరి ఇంజను చేశాడు. 1892లో సంస్థకు హోల్ట్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ అని పేరు మార్చారు.

కష్టం అక్కడే మొదలైంది. స్టాక్టన్ పక్కనే శాక్రమెంటో, శాన్ వాకిన్ నదులు కలిసే డెల్టా ఉంది. మనకు లంకలున్నట్టే అక్కడా లంకలు, చుట్టూ ఏటిగట్లు. యుగయుగాలుగా తుంగ, రెల్లు కుళ్ళి ఏర్పడిన నల్లని మెత్తని నేల. పంటకు బంగారం, బండికి గండం. ఆవిరి ఇంజను అక్కడ అడుగు పెడితే కూరుకుపోయేది. హోల్ట్ మొదట అందరూ చేసే పనే చేశాడు. చక్రాల వెడల్పు పెంచాడు. దమ్ములో ట్రాక్టరుకు మనవాళ్ళు ఇనుప చక్రాలు తగిలించడం కూడా ఆ ఆలోచనే. అయితే ఆయన ఇంజనుకు పక్కపక్కనే చక్రాలు చేర్చుకుంటూ పోగా, ఒక యంత్రం మొత్తం వెడల్పు 46 అడుగులకు చేరింది. దానిని తిప్పడం కష్టం, గట్టు దాటించడం మరీ కష్టం. అది దారి కాదని ఆయన గ్రహించాడు.

బురదలో బండి దిగబడితే పలకలు పరచి దాటించడం మనమెరిగిన పనే. ఆ పలకలను బండే ముందు పరచుకుంటూ, వెనుక నుంచి తీసుకుంటూ పోగలిగితే? హోల్ట్ ఒక ఆవిరి ట్రాక్టరుకు వెనుక చక్రాలు విప్పించి, గొలుసుకు చెక్క పలకలు బిగించి, 9 అడుగుల పొడవైన పట్టాలు రెండు అమర్చాడు. 1904 నవంబరు 24న స్టాక్టన్ వద్ద మెత్తని నేలలో దానిని నడిపి చూశారు. మనిషి కాలు దిగబడే చోట యంత్రం దిగబడలేదు. బరువు తగ్గలేదు, బరువు ఆనే చోటు పెరిగింది. రహస్యం అంతే. ఫొటో తీయడానికి వచ్చిన ఛార్లెస్ క్లెమెంట్స్ అనే ఆయన ఆ పట్టాల కదలిక గొంగళిపురుగు పాకినట్లుందని అన్నాడట. గొంగళిపురుగుకు ఇంగ్లీషు మాట కాటర్‌పిల్లర్. హోల్ట్‌కు ఆ మాట నచ్చింది. 1910లో ట్రేడ్‌మార్కుగా నమోదైంది.

ఇక్కడ ఒక న్యాయం చెప్పుకోవాలి. పట్టాల మీద బండి నడపాలన్న ఆలోచన హోల్ట్ ఒక్కడిదే కాదు. అమెరికాలోనే మెయిన్ రాష్ట్రంలో ఆల్విన్ లొంబార్డ్ మంచు మీద దుంగలు లాగే పట్టాల ఇంజనుకు 1901లోనే పేటెంటు పొందాడు. ఇంగ్లండులో హార్న్స్‌బీ కంపెనీ కూడా ఆ ప్రయత్నంలో ఉంది. పొలంలో పనికి నిలిచే యంత్రంగా తీర్చి, ఊరూరా అమ్మి, మరమ్మతుకు మనిషిని పంపి నిలబెట్టిన ఘనత మాత్రం హోల్ట్‌దే.

1906లో ఆయన ఆవిరి వదలి పెట్రోలు ఇంజనుతో పట్టాల ట్రాక్టరు చేయించాడు. 1908లో లాస్ ఏంజెలెస్ నగరానికి నీరు తెచ్చే పెద్ద కాలువ పనికి ఆయన యంత్రాలు వెళ్ళాయి. ఎడారి ఇసుకకు, వేడికి భాగాలు త్వరగా అరిగిపోయాయి. ఆ దెబ్బలు చూసి ఆయన యంత్రాన్ని మెరుగుపరచుకున్నాడు. అదే ఏడాది తన పోటీదారైన డేనియల్ బెస్ట్ కంపెనీని కొన్నాడు. 1909లో అన్న కొడుకు ప్లైనీ హోల్ట్ ద్వారా ఇల్లినాయ్ రాష్ట్రపు ఈస్ట్ పియోరియాలో రెండవ కర్మాగారం చేజిక్కించుకున్నాడు. అయితే డేనియల్ కుమారుడు సి.ఎల్. బెస్ట్ 1910లో వేరు కంపెనీ పెట్టి మళ్ళీ పోటీకి వచ్చాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాల సైన్యాలు ఫిరంగులు లాగడానికి వేల సంఖ్యలో హోల్ట్ ట్రాక్టర్లు వాడాయి. 1916లో బ్రిటిషువారు రంగంలోకి దించిన టాంకు హోల్ట్ చేసినది కాకపోయినా, ఆ ఆలోచనకు ఆయన ట్రాక్టరు ఒక ప్రేరణ. టాంకు కోసం మొదట పట్టుబట్టిన వారిలో ఒకరైన స్వింటన్ అనే అధికారి 1918లో స్టాక్టన్ వచ్చి కృతజ్ఞత తెలిపాడు. యుద్ధం ముగిశాక మాత్రం సైన్యానికి పనికివచ్చిన భారీ యంత్రాలు రైతుకు అక్కరలేకపోయాయి. కంపెనీ అప్పుల్లో ఉండగా 1920 డిసెంబరు 5న హోల్ట్ తన 71వ ఏట స్టాక్టన్‌లో కన్నుమూశాడు. 1925లో హోల్ట్, బెస్ట్ కంపెనీలు రెండూ కలిసి కాటర్‌పిల్లర్ ట్రాక్టర్ కంపెనీ అయ్యాయి. ఆ పేరు కంపెనీకి రావడం హోల్ట్ చూడలేదు.

ఇక ఈ జీవితం మన కోరికకు ఏ విధంగా ఉపకరిస్తుందో చూద్దాం. మొదటి సంగతి, చైను ఉన్న ప్రతి బండీ కాటర్‌పిల్లర్ కాదు. మన దేశానికి ఈ యంత్రాలు పలు దారుల్లో వచ్చాయి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా సైన్యం వదలిన వాటితో 1947లో సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ బీడు భూములు దున్నించింది. 1949లో ప్రపంచ బ్యాంకు అప్పుతో మరికొన్ని వచ్చాయి. 1956లో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్ క్షేత్రానికి సోవియట్ యంత్రాలు వచ్చాయి. 1964లో ఏర్పడిన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ జపాను కొమత్సు సహకారంతో డోజర్లు తయారుచేసింది. కనుక పేరు ఊహించరాదు.

రంగును కూడా నమ్మరాదు. కాటర్‌పిల్లర్ ట్రాక్టర్లు 1931 చివరి వరకు బూడిద రంగువి, పసుపు ఆ తరువాత వచ్చింది. పసుపు రంగు ఎవరైనా పూయవచ్చు. నమ్మవలసింది సీరియల్ నంబరును. ఇంజను మీద ఒకటి, బండి మీద ఒకటి చూడాలి. తుప్పును గీకక, కిరసనాయిలు గుడ్డతో తుడవాలి. నంబరు ముందుండే గుర్తు యంత్రం జాతకం చెబుతుంది. 2యు అని ఉంటే 1945-1953 మధ్య వచ్చిన డి-8, 3టి అంటే 1944-1955 నాటి డి-7, 7యు అంటే 1947-1959 నాటి డి-4.

తరువాత చైను చూడాలి. పిన్నులు, బుష్‌లు అరిగి చైను వేలాడుతున్నా, స్ప్రాకెట్ పళ్ళు సూదుల్లా తేలినా ఖర్చు పెద్దది. బండి ధర కన్నా చైను ధర ఎక్కువ కావచ్చు. పొగ గొట్టానికి మూత లేకపోతే వానలు ఇంజనులోకి దిగి ఉంటాయి. పాత డీజిలు ఇంజనును ముందుగా తిప్పే చిన్న పెట్రోలు ఇంజను ఉందో లేదో చూడాలి, విడిగా దొరకడం కష్టం. చాలాకాలం కదలని బండిలో మలుపు క్లచ్‌లు తుప్పుతో పట్టేసి ఉంటాయి. నడిపించనక్కరలేదు, కేవలం ప్రదర్శనకే అనుకుంటే ఇవన్నీ లేకపోయినా పరవాలేదు. కాని ఆ నిర్ణయం డబ్బు ఇవ్వక ముందే చేసుకోవాలి.

కాగితాల విషయం మనకు ఒకరు చెప్పనక్కరలేదు. శాఖ నుంచి వేలంలో పోయిన యంత్రమైతే వేలం రసీదు, విడుదల ఉత్తర్వు ఉండాలి. తరలింపు కూడా ముందే లెక్క వేయాలి. డి-8 బరువు సుమారు 16 టన్నులు. ట్రైలరు బరువూ కలిపితే మన కాలువల మీది పాత వంతెనలు ఆ భారం మోస్తాయో లేదో ఇంజనీర్లను అడిగి దారి ఎంచుకోవాలి. తెచ్చాక పైకప్పు లేకుండా నిలబెడితే సముద్రపు ఉప్పుగాలి దానిని తినేస్తుంది.

స్టాక్టన్‌వారు హోల్ట్ యంత్రాలను తమ ఊరి హాగిన్ మ్యూజియంలో దాచుకున్నారు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం వద్ద పాత యంత్రాలను మనమూ చూశాం. చూసినవారికి ఇనుము కనిపిస్తుంది. దానిని నడిపినదెవరో, ఏ గండి పూడ్చిందో, ఏ గట్టు కట్టిందో చెప్పే పలక పక్కన ఉంటేనే చరిత్ర కనిపిస్తుంది. ఆ సంగతులు సీరియల్ నంబరులో ఉండవు, ఆపరేటరు మనసులో ఉంటాయి. ఆ ఆపరేటర్లు కూడా మనతోపాటే పెద్దవారయ్యారు, కొందరు వెళ్ళిపోయారు.

అందుచేత సభ్యులందరికీ నా మనవి. యంత్రం దొరికేదాకా ఆగవద్దు. మీరు పనిచేసిన చైన్ బండి ఏదో, ఎక్కడ పనిచేసిందో, దానిని నడిపినవారెవరో ఒక కాగితం మీద రాసి సంఘం కార్యాలయంలో ఇవ్వండి. పాత ఫొటో ఉంటే జతచేయండి. బండి తూకానికి పోయినా, మాట పోకుండా ఉంటుంది.