విద్యాదాత్రి మదర్ కేథరిన్ డ్రెక్సెల్

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో అంతర్యుద్ధం 1865లో ముగిసి బానిసత్వం చట్టరీత్యా రద్దయింది. కాని నల్లజాతి బాలునికి బడి తలుపులు మాత్రం తెరుచుకోలేదు. దక్షిణాది రాష్ట్రాలలో పాఠశాలలు శరీరవర్ణాన్ని బట్టి రెండుగా చీలిపోయాయి. మానవులందరూ ఒకే తండ్రి బిడ్డలని బోధించే కథోలిక సంఘంలో సైతం అనేక చోట్ల ఇదే ఆచారం వేళ్లూనుకొన్నది. పూజా సమయంలో నల్లవారు వెనుక బల్లల మీదనో, మేడమీది వసారాలోనో కూర్చోవలసి వచ్చేది. అటువంటి కాలంలో, అటువంటి సంఘంలోనే పుట్టి, తనకు సంక్రమించిన అపార ధనరాశిని అంతటినీ నల్లజాతివారి, ఆదివాసుల విద్య కొరకు ధారవోసిన స్త్రీమూర్తి కేథరిన్ డ్రెక్సెల్.

ఆమె 1858 నవంబరు 26న ఫిలడెల్ఫియా నగరంలో జన్మించింది. తండ్రి ఫ్రాన్సిస్ ఆంథొనీ డ్రెక్సెల్ దేశంలో పేరుమోసిన బ్యాంకరు. కన్నతల్లి పురిటి అనంతరం ఐదు వారాలకే కన్నుమూసింది. సవతితల్లి ఎమ్మా ఆ లోటు తెలియనీయక పెంచింది. సవతితల్లి అనగానే మన కథలలో కనిపించే కఠినహృదయ కాదు ఆమె. వారంలో కొన్ని దినాలు తమ ఇంటి తలుపులు పేదలకు తెరిచి అన్నవస్త్రాలు, ఇంటి అద్దెకు సొమ్ము పంచేది. ఆడపిల్లలు ముగ్గురూ ఆమెకు చేతిసాయం చేసేవారు. దానం అనేది తీరిక ఉన్నప్పుడు చేసే పుణ్యకార్యం కాదని, దానికీ ఒక లెక్క, ఒక క్రమం ఉండాలని కేథరిన్ అక్కడే నేర్చుకొన్నదని అనుకోవచ్చు. ఆ తల్లి క్యాన్సరు బారినపడి మూడేండ్లు మంచం పట్టినప్పుడు శుశ్రూష చేసినది కూడా కేథరినే.

1885లో తండ్రి మరణించాడు. ఆయన వదలిన ఆస్తి సుమారు కోటీ 55 లక్షల డాలర్లు. ఆయన వీలునామా చిత్రమైనది. పదోవంతు ధర్మసంస్థలకు పోగా మిగిలిన మూలధనం కుమార్తెల చేతికి రాదు. దానిపై వచ్చే ఆదాయాన్ని మాత్రమే వారు అనుభవించాలి. వారి తదనంతరం మూలధనం వారి సంతానానికి చెందుతుంది. సంతానం లేనిపక్షంలో తిరిగి ఆ ధర్మసంస్థలకే చేరుతుంది. ధనాశతో పెండ్లాడవచ్చే వరుల నుండి కుమార్తెలను కాపాడటానికి ఆ తండ్రి వేసిన కంచె ఇది. ఆ కంచె డెబ్బది ఏండ్ల తరువాత ఎవరి దారికి అడ్డు తగిలినదో ముందు ముందు తెలుస్తుంది.

1887 జనవరిలో ఆమె రోము నగరంలో పోపు 13వ లియోను దర్శించి, అమెరికా ఆదివాసుల మధ్య పనిచేయటానికి మిషనరీలను పంపవలసిందిగా అర్థించింది. ఆమెయే మిషనరీ కారాదా అని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. ధనం ఇచ్చి తప్పుకోవచ్చునని వెళ్లిన యువతికి తన్నే ఇమ్మని సమాధానం దొరికింది. ఆ ఏడే ఆమె డకోటా ప్రాంతపు ఆదివాసుల నివాసాలకు ప్రయాణించి, సూ తెగ నాయకుడు రెడ్ క్లౌడ్‌ను కలుసుకొన్నది. ఎంతోకాలం వెనుకాడమని సలహా చెప్పిన ఆమె ఆధ్యాత్మిక గురువు, ఒమాహా బిషప్పు జేమ్స్ ఓకానర్, చివరకు కొత్త సభనే స్థాపించమని ప్రోత్సహించాడు. 1889లో ఆమె పిట్స్‌బర్గ్‌లోని మెర్సీ కన్యాస్త్రీల మఠంలో శిక్షణకు చేరింది. 1891 ఫిబ్రవరి 12న వ్రతాలు స్వీకరించి, ఆదివాసుల, నల్లజాతివారి సేవకు అంకితమైన దివ్యసత్ప్రసాద సోదరీ సభకు అంకురార్పణ చేసింది.

తరువాతి చరిత్ర బడుల చరిత్ర. శాంటా ఫే నగరంలో ఆదివాసి బాలలకు సెయింట్ కేథరిన్ పాఠశాల అంతకు పూర్వమే, 1887లో, ఆమె ధనంతో వెలసింది. 1902లో అరిజోనాలో నవాహో తెగవారికి సెయింట్ మైకేల్ పాఠశాల ఆరంభమైంది. 1905లో నాష్‌విల్ నగరంలో నల్లజాతి బాలికల కొరకు ఒక భవనాన్ని మధ్యవర్తి ద్వారా కొనవలసి వచ్చింది. కొన్నది ఎవరో, ఎందుకో తెలిసిన పిమ్మట అమ్మినవాడు పత్రికల కెక్కి ఆందోళన చేశాడు. ఆమె మర్యాదగా బదులిచ్చింది, బడి మాత్రం తెరిచింది. 1915లో న్యూ ఆర్లియన్స్‌లోనూ ఇదే తంతు. ప్రభుత్వం వేరుచోటికి తరలించిన సదరన్ విశ్వవిద్యాలయపు పాత భవనాన్ని మధ్యవర్తి ద్వారా కొని జేవియర్ పేరిట ఉన్నత పాఠశాలను నెలకొల్పింది. దుండగులు కిటికీ అద్దాలు పగులగొట్టారు. అద్దాలు మార్చి పాఠాలు సాగించారు.

ఆ పాఠశాలే 1925లో కళాశాల అయింది. యువకులు, యువతులు కలిసి చదువుకొనేవారు. చేరదలచినవారిని మతం అడగలేదు. ఆ ప్రాంతపు నల్లజాతివారిలో ప్రొటెస్టెంటులు ఎందరో ఉండటం చేత ఈ విషయం చిన్నది కాదు. 1927లో ఔషధ శాస్త్ర విభాగం తెరిచారు. జేవియర్ పట్టభద్రులు లూసియానా పల్లెలలోని బడులకు ఉపాధ్యాయులై వెళ్లారు. 1932లో నూతన భవనాల ప్రారంభోత్సవం వైభవంగా జరిగితే, దాత మాత్రం వేదిక మీద లేదు. పై అంతస్తులో జనం కంటబడని చోట కూర్చొని చూసింది. నల్లజాతివారికై నెలకొన్న కథోలిక విశ్వవిద్యాలయం ఆ దేశంలో నేటికీ ఇదొక్కటే. రాజ్యాంగపు 30వ అధికరణం నీడలో నడిచే మనవంటి కళాశాలల విద్యార్థులకు ఈ చరిత్ర పరాయిదిగా తోచదు.

దేవాలయ నిర్మాణానికి ధనం కోరివచ్చిన గురువులకు ఆమె ఒక షరతు పెట్టేది. నల్లవారికి వెనుక మూల కాదు, ముందు నుండి వెనుక దాకా ఒక వరుస పూర్తిగా ఉండాలి. ఈ షరతు గొప్పదే. కాని ఆ వరుస కూడా ప్రత్యేకమైన వరుసే గదా! ఆమె బడులు కూడా వేర్పాటు చట్టాల హద్దులలోనే నిలిచాయి. ఆమె సభలో నల్లజాతి స్త్రీలకు దశాబ్దాల పాటు ప్రవేశం లేదు. 1829లో బాల్టిమోరులో స్థాపితమైన నల్లజాతి కన్యాస్త్రీల సభకు రావలసినవారిని తాము లాగుకొన్నట్లు అవుతుందన్నది అప్పటి సమాధానాలలో ఒకటి. నాకు అది చాలినంత సమాధానంగా కనిపించదు. ఆదివాసి బాలలను తల్లిదండ్రులకు దూరంగా ఉంచిన వసతి పాఠశాలల పద్ధతి ఆ జాతుల భాషలకు, సంస్కృతులకు చేసిన కీడును గురించి నేడు తీవ్రమైన విమర్శ ఉన్నది. ఆమె పాఠశాలలు దానికి పూర్తిగా అతీతమని చెప్పలేము. అయితే ఆమె కొనియిచ్చిన స్థలంలో స్థిరపడిన ఫ్రాన్సిస్కన్ గురువులే నవాహో భాషను శ్రద్ధగా అభ్యసించి 1910లో ఆ భాషకు నిఘంటువు ప్రచురించారని కూడా చెప్పవలసి ఉన్నది.

స్వంతానికి ఆమె పరమ లోభి. పెన్సిలు చేతికి అందనంత పొట్టిదయ్యేదాకా వాడేది. బూట్లకు అతుకులు వేయించుకొనేది. ఆదాయపు పన్ను అధికమై బడుల సొమ్ము కోసుకొని పోతుండగా, ఆదాయంలో నూటికి 90 పాళ్లు ఏండ్ల తరబడి ధర్మానికి ఇచ్చేవారికి మినహాయింపునిస్తూ 1924లో అమెరికా శాసనసభ చట్టాన్ని సవరించింది. ఆ మినహాయింపుకు తగినవారు వేళ్లమీద లెక్కింపదగినవారే.

1935లో గుండెపోటు ఆమెను మంచాన పడవేసింది. ఆపై ఇరువది సంవత్సరాలు మఠంలో ప్రార్థనతోనే గడిచాయి. పాఠశాలలలో వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954 మేలో తీర్పు చెప్పేనాటికి ఆమె జీవించియే ఉన్నది. 1955 మార్చి 3న, తన 96వ ఏట పరమపదించింది. అప్పటికి ఆమె వెచ్చించిన ధనం సుమారు రెండు కోట్ల డాలర్లు. వెలసిన పాఠశాలలు, మిషన్ కేంద్రాలు దాదాపు 60.

అక్కచెల్లెండ్రు అప్పటికే గతించారు. ముగ్గురిలో ఎవరికీ సంతానం లేదు. తండ్రి వీలునామా ప్రకారం మూలధనం ఆయన పేర్కొన్న ధర్మసంస్థలకు వెళ్లింది. 1885లో పుట్టని సభ పేరు ఆ జాబితాలో ఎట్లా ఉంటుంది? ఆమె కన్ను మూయగానే కన్యాస్త్రీలకు ఆ ఆదాయం ఆగిపోయింది. నాటి నుండి విరాళాల మీదా, విద్యార్థుల రుసుముల మీదా నడవవలసి వచ్చింది. శాంటా ఫే పాఠశాల 1998లో మూతపడింది. 2000 అక్టోబరు 1న పోపు 2వ జాన్ పాల్ ఆమెను పునీతురాలిగా ప్రకటించాడు. 2005లో కత్రినా తుఫాను న్యూ ఆర్లియన్స్‌ను ముంచినప్పుడు జేవియర్ ప్రాంగణం నీట మునిగింది. 2006 జనవరిలో అక్కడ తిరిగి తరగతులు మొదలయ్యాయి.