తెలుగు జిల్లాల అధికారి కుమారుడు అలన్ ట్యూరింగ్: మేధకు పట్టం, మనసుకు శిక్ష

గోల్ ఘర్, శ్రీ విజయపురం: కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన గణితవేత్తగా అలన్ ట్యూరింగ్ పేరు ప్రపంచానికి సుపరిచితం. ఆయన తల్లిదండ్రులు కాపురం చేసింది చాలావరకు తెలుగు జిల్లాల్లోనే అన్న సంగతి మాత్రం మనలో కొద్దిమందికే తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో దేశానికి అపూర్వమైన సేవ చేసిన ఆ మేధావిని, స్వలింగాకర్షణ కారణంగా అదే దేశం నేరస్థుడిగా నిలబెట్టింది. 1954 జూన్ 7న, 42వ పుట్టినరోజుకు పదహారు రోజుల ముందు, ఆయన కన్నుమూశారు. లైంగిక మైనారిటీల మానసిక ఆరోగ్యంపై చర్చ జరిగిన ప్రతిచోటా ఆ జీవితం నేటికీ ప్రస్తావనకు వస్తూనే ఉంటుంది.

తండ్రి జూలియస్ ట్యూరింగ్ ఇండియన్ సివిల్ సర్వీసు అధికారి. 1896లో మద్రాసు ప్రెసిడెన్సీలో విధుల్లో చేరారు. తల్లి ఎథెల్ సారా, మద్రాసు రైల్వే చీఫ్ ఇంజనీరుగా పనిచేసి, తుంగభద్రపై వంతెన నిర్మించిన ఎడ్వర్డ్ స్టోనీ కుమార్తె. 1907లో వివాహమైన తర్వాత ఆ దంపతులు పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు ప్రాంతాలు తిరిగి, 1911లో నాటి గంజాం జిల్లాలోని ఛత్రపురం చేరారు. అక్కడ ఉండగానే ఎథెల్ గర్భం దాల్చారు. ప్రసవానికి ఇంగ్లండు వెళ్లగా, 1912 జూన్ 23న లండన్‌లో అలన్ జన్మించారు.

తల్లిదండ్రులు ఉద్యోగరీత్యా తిరిగి భారతదేశానికి వచ్చేశారు. అలన్, ఆయన అన్న జాన్ ఇంగ్లండులో ఒక విశ్రాంత సైనికాధికారి కుటుంబం సంరక్షణలో పెరిగారు. కన్నవారు వచ్చి వెళ్లే అతిథుల్లా ఉన్న బాల్యం అది. షెర్బోర్న్ పాఠశాలలో చదువుతుండగా క్రిస్టఫర్ మోర్కమ్ అనే సహాధ్యాయి ఆయనకు ప్రాణస్నేహితుడయ్యాడు. 1930 ఫిబ్రవరిలో ఆ యువకుడు క్షయ సంబంధిత అనారోగ్యంతో మరణించాడు. ఆ దుఃఖం అలన్‌ను జీవితాంతం వెన్నాడింది. మనసుకూ శరీరానికీ ఉన్న సంబంధం ఏమిటన్న ప్రశ్న ఆయనలో బలపడింది కూడా అప్పుడే.

1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరారు. 1936లో వెలువరించిన పరిశోధన పత్రంలో, సూచనలను ఒక్కొక్కటిగా అమలు చేస్తూ గణనలు చేసే ఊహాత్మక యంత్రాన్ని వర్ణించారు. నేటి కంప్యూటర్లకు సైద్ధాంతిక మూలం అదే. యుద్ధం మొదలైన మరునాడే, 1939 సెప్టెంబరు 4న, బ్లెచ్లీ పార్కులోని రహస్య కేంద్రంలో చేరారు. జర్మన్ నౌకాదళం ఎనిగ్మా యంత్రంతో పంపే సంకేతాలను ఛేదించడంలో కీలక పాత్ర వహించారు. ఈ కృషి ఫలితంగా జలాంతర్గాముల ఉనికి ముందే తెలిసి, అట్లాంటిక్‌లో ఎన్నో ఓడలు ప్రమాదం తప్పించుకున్నాయి. 1941లో సహోద్యోగిని జోన్ క్లార్క్‌తో పెళ్లి నిశ్చయమైంది. తన మనస్తత్వాన్ని ఆమెకు దాచకుండా తెలిపి, ఆ తర్వాత ఆ నిశ్చయాన్ని ఆయనే విరమించుకున్నారు.

1948లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. యంత్రాలు ఆలోచించగలవా అన్న ప్రశ్నపై 1950లో ప్రచురించిన వ్యాసం కృత్రిమ మేధ చరిత్రలో మైలురాయిగా నిలిచింది. 1951లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. మరుసటి ఏడాదే జీవితం తలకిందులైంది.

1952 జనవరిలో ట్యూరింగ్ ఇంట్లో దొంగతనం జరిగింది. ఫిర్యాదుదారుగా పోలీసుల ముందుకు వెళ్లిన ఆయన, విచారణలో మరో పురుషుడితో తనకున్న సంబంధాన్ని దాచలేదు. 1885 నాటి చట్టం కింద ఆయనపైనే కేసు నమోదైంది. మార్చి 31న న్యాయస్థానం దోషిగా తేల్చి, జైలుకు బదులు ఏడాది ప్రొబేషన్ విధించింది. హార్మోన్ చికిత్స తీసుకోవాలన్నది షరతు. కోరికను అణచివేసేందుకు కృత్రిమ ఈస్ట్రోజెన్ ఇచ్చారు. దాంతో ఆయన శరీరాకృతి మారింది. వ్యాధి కాని దానికి వైద్యం పేరిట అమలైన శిక్ష అది. ప్రభుత్వ సంకేత విభాగంతో ఉన్న సంబంధాలూ తెగిపోయాయి.

అయినా ఆయన పని ఆపలేదు. జీవుల ఆకృతులు ఎలా రూపొందుతాయో గణితంతో వివరించే పత్రాన్ని 1952లోనే ప్రచురించారు. ఒక మనోవిశ్లేషకుడిని ఆశ్రయించి, ఆ కుటుంబంతో స్నేహంగా మెలిగారు. చికిత్స ముగిసిన ఏడాది తర్వాత మరణం సంభవించింది. విచారణ దాన్ని ఆత్మహత్యగా నిర్ధారించింది. ప్రయోగశాలలో జరిగిన ప్రమాదమని తల్లి చివరిదాకా నమ్మారు. ఆ మరణానికి ఒకే కారణాన్ని ఆపాదించడం సరికాదు. కానీ చట్టం, వైద్యం, ఉద్యోగం మూడూ ఒకేసారి ఎదురుతిరిగినప్పుడు మనిషి మీద పడే భారం ఎంతటిదో ఊహించవచ్చు.

ఆ భారాన్ని నేటి మనోవైజ్ఞానికులు మైనారిటీ ఒత్తిడి అంటున్నారు. ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో దీన్ని సమగ్రంగా వివరించారు. స్వలింగ, ద్విలింగ ఆకర్షణ గల వయోజనుల్లో కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలతో పాటు పొగాకు, మద్యం, మత్తుపదార్థాల వాడకం ఇతరులకన్నా ఎక్కువగా ఉన్నట్లు పలు దేశాల అధ్యయనాలు చూపాయి. దీనికి మూలం వారి స్వభావంలో లేదు. వివక్ష, తిరస్కారం, నిత్యం దాచుకోవలసి రావడం, బయటపడుతుందేమోనన్న భయం దీనికి దారితీస్తున్నాయి. ఆ భయమే వైద్యుడి దగ్గరకు వెళ్లనివ్వదు. అలాంటప్పుడు కొందరికి మత్తే మందుగా తోస్తుంది, తర్వాత అదే మరో వ్యాధి అవుతుంది.

జూలియస్ ట్యూరింగ్ మన జిల్లాల్లో అమలు చేసిన భారత శిక్షాస్మృతిలోనూ 377వ సెక్షన్ ఉండేది. 1862లో అమల్లోకి వచ్చిన ఆ నిబంధన వయోజనుల పరస్పర సమ్మతి సంబంధాలకు వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పునిచ్చింది. అదే ఏడాది అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, లైంగిక ధోరణి ఆధారంగా చికిత్సలో వివక్ష చూపరాదని నిర్దేశించింది. బ్రిటన్‌లో 2009లో ప్రధాని గోర్డన్ బ్రౌన్ క్షమాపణ చెప్పారు. 2013లో రాణి క్షమాభిక్ష ప్రకటించారు. 2021 జూన్ 23న ట్యూరింగ్ చిత్రంతో 50 పౌండ్ల నోటు విడుదలైంది.

ఈ గౌరవాలేవీ ఆయన చూడలేదు. నేడు అదే వేదనలో ఉన్నవారికి మాత్రం సహాయం అందే వీలుంది. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సహాయ కేంద్రం 14416 నంబరులో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనూ సేవలందిస్తోంది. గోల్ ఘర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలోని యువకుడైనా, పార్వతీపురంలోని యువతి అయినా ఫోన్ చేయవచ్చు. అంతకన్నా ముందు, ఇంట్లో తీర్పు చెప్పకుండా వినే ఒక మనిషి వారికి కావాలి.