కీళ్లవాతం మాత్రకు భీమవరం మూలాలు

పొద్దున్నే లేవగానే వేళ్ల కణుపులు బిగుసుకుపోతాయి. కాఫీ గ్లాసు పట్టుకోవాలన్నా కష్టమే. గంట గడిస్తే గానీ చేయి స్వాధీనంలోకి రాదు. తాడేపల్లి చుట్టుపక్కల పత్తి తీసి, మిరపకాయలు కోసిన చేతులకు నొప్పులు కొత్త కాదు. అందుకే పని వల్లేలే అనుకుని చాలామంది ఊరుకుంటారు. షాక్‌వేవ్ చికిత్స పేరు విని, అది చేయిస్తే పోతుందేమోనని అడిగేవారూ ఉన్నారు. కండరాన్ని ఎముకతో కలిపే టెండన్లు దెబ్బతిని మోచేయి, మడమ వెనక భాగం నొప్పి పుడుతున్నా, భుజంలో క్యాల్షియం పేరుకున్నా ఆ తరంగాలు కొందరికి మేలు చేస్తాయి. కానీ రెండు చేతుల కణుపులూ వాచి, పొద్దున బిగుసుకుపోతుంటే అది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ కావొచ్చు. మన రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేసే జబ్బిది. దీన్ని షాక్‌వేవ్ అదుపు చేయలేదు. సాధారణంగా డాక్టర్లు ముందుగా రాసేది మెథోట్రెక్సేట్ మాత్ర. దాని వెనక ఉన్నది మన తెలుగువాడే.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువులో మెరిసిన కుర్రాడేం కాదు, మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలకు ఖద్దరు కట్టుకుని వెళ్లటం సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇంట్లోనే ప్రాణం తీయటం ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది.

మామగారి అండతో 1923లో బోస్టన్ చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ తిరిగి రాలేదు. అక్కడ పూట గడవటానికి రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు కడిగారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తం, మూత్రాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరం పనిచేయటానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలను వెలికితీసిందీ ఈ జోడీయే. అంత చేసినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది ఊరటనిచ్చింది. తర్వాత ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మందులనూ అక్కడే తయారుచేశారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లల్లో జబ్బును కొంతకాలం వెనక్కి తగ్గించగలిగారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. బోదకాలు నివారణకు ఊళ్లలో పంచే డీఈసీ మాత్ర కూడా సుబ్బారావు ప్రయోగశాల నుంచి వచ్చిందే. మన ఇళ్లలో ఆయన పేరు తెలిసినవారి కంటే ఆయన మందులు మింగినవారే ఎక్కువేమో.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే నిద్రలో కన్నుమూశారు. ఆ మందు కీళ్లకూ పనికొస్తుందని ఆయనకు తెలియదు. మూడేళ్ల తర్వాత గబ్నర్ అనే అమెరికా వైద్యుడు అమినోప్టెరిన్‌ను కీళ్లవాతం రోగులకు ఇచ్చి చూశారు. అమెరికాలో మెథోట్రెక్సేట్‌కు కీళ్లవాతంలో అనుమతి దక్కేసరికి 1988 వచ్చింది.

క్యాన్సర్‌కు పెద్ద మోతాదులో ఇచ్చే ఈ మందును కీళ్లకు చాలా తక్కువగా, వారానికి ఒక్కరోజే ఇస్తారు. నోటిపూత, వికారం తగ్గటానికి తోడుగా ఫోలిక్ యాసిడ్ రాస్తారు. రెండూ సుబ్బారావు బృందం చేతుల మీదుగా వచ్చినవే. పొరపాటున రోజూ వేసుకుంటే మాత్రం ప్రాణాపాయం. గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవారు వాడకూడదు. మద్యం మానాలి, రక్తం, కాలేయ పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుకు చేయించుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఈ మాత్ర వాడుతుంటే వేసుకోవాల్సిన వారం పేరు పెద్ద అక్షరాలతో రాసి డబ్బాకు అంటించండి.