తండ్రిని మించిన కొడుకు, తట్టుకున్న తండ్రి: టామ్ మోరిస్

గోల్ఫ్‌కు పుట్టిల్లుగా చెప్పుకునే ఊరు స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్. 1821లో అక్కడ ఒక చేనేత కార్మికుడి ఇంట్లో టామ్ మోరిస్ పుట్టారు. చిన్న వయసులోనే అలన్ రాబర్ట్‌సన్ దగ్గర పనికి కుదిరారు. తోలు తిత్తిలో ఈకలు కూరి గోల్ఫ్ బంతులు కుట్టడం ఆ పని. రాబర్ట్‌సన్ ఆ రోజుల్లో మేటి ఆటగాడు కూడా. అలా టామ్‌కు పనితో పాటు ఆట కూడా అబ్బింది.

కొన్నేళ్లకు గట్టాపెర్చా అనే చెట్టు జిగురుతో చేసిన చవక బంతులు వచ్చాయి. తన వ్యాపారం దెబ్బతింటుందని గురువు వాటిని ముట్టుకోవద్దన్నారు. టామ్ వాటితో ఆడారు. దాంతో ఇద్దరూ విడిపోయారు. 1851లో టామ్ కుటుంబంతో ప్రెస్ట్‌విక్ చేరి, అక్కడ పన్నెండు హోల్స్ మైదానం తీర్చిదిద్దారు. 1860లో ఓపెన్ ఛాంపియన్‌షిప్ మొదలైంది అక్కడే. ఆ ఏడాది ఆడింది ఎనిమిది మందే. టామ్‌కు రెండో స్థానం దక్కింది.

తర్వాత 1861, 1862, 1864, 1867లలో ఆయనే విజేత. 1862లో ఏకంగా 13 స్ట్రోక్‌ల తేడాతో గెలిచారు. మేజర్ టోర్నీల్లో ఆ రికార్డును 2000లో టైగర్ వుడ్స్ దాటేవరకు 138 ఏళ్లు ఎవరూ చెరపలేకపోయారు. చివరిసారి గెలిచినప్పుడు టామ్ వయసు 46. ఓపెన్ గెలిచినవారిలో పెద్ద వయస్కుడు నేటికీ ఆయనే.

అప్పట్లో ఆటనే వృత్తిగా చేసుకున్నవారికి సంఘంలో గౌరవం తక్కువ. డబ్బున్నవారు పందెం కాస్తే వీళ్లు ఆడాలి, వాళ్ల క్లబ్బులు మోయాలి. తన కొడుకు టామీకి ఆ బతుకు వద్దనుకున్న టామ్, అతన్ని ఫీజు కట్టి ఎయిర్ అకాడమీలో చదివించారు. అయినా టామీ గోల్ఫ్‌నే ఎంచుకున్నాడు. మనలో ఎంతమందికి ఇది మింగుడుపడుతుంది? టామ్ అడ్డుపడలేదు. కొడుకుతో జోడీ కట్టి ఊరూరా ఆడారు.

1868లో తండ్రి చేతిలోని టైటిల్‌ను 17 ఏళ్ల టామీ గెలుచుకున్నాడు. 1869లోనూ కొడుకు మొదటివాడు, తండ్రి రెండోవాడు. 1870లో 36 హోల్స్‌ను 149 స్ట్రోక్‌లలో ముగించి మళ్లీ గెలిచాడు. వరుసగా మూడుసార్లు గెలిస్తే ఛాంపియన్ బెల్టు సొంతమవుతుందన్నది నియమం, కాబట్టి అది టామీ ఇంటికే వచ్చింది. 1871లో పోటీ జరగలేదు. 1872లోనూ విజేత అతనే.

1875 సెప్టెంబరులో తండ్రీకొడుకులు నార్త్ బెర్విక్‌లో ఒక పోటీ ఆడుతున్నారు. టామీ భార్యకు కాన్పు కష్టమైందని తంతి వచ్చింది. పడవలో సముద్రపాయ దాటి బయల్దేరారు. కానీ వాళ్లు ఇల్లు చేరేసరికే తల్లీబిడ్డా ఇద్దరూ పోయారు. ఆ ఏడాది క్రిస్మస్ రోజునే టామీ కూడా కన్నుమూశాడు. వయసు 24. మరుసటి ఏడాది టామ్ భార్య పోయారు.

అప్పటికి టామ్ సెయింట్ ఆండ్రూస్ మైదానం సంరక్షకుడు. ఆ పని ఆయన వదల్లేదు, 1903 వరకు చేశారు. గడ్డి మీద ఇసుక చల్లితే అది బాగా పెరుగుతుందని గుర్తించి ఆ పద్ధతిని పాటించారు. ఆదివారం మైదానానికీ విశ్రాంతి కావాలని పట్టుబట్టారు. రాయల్ డోర్నోక్, మ్యూర్‌ఫీల్డ్, ఐర్లాండ్‌లోని లాహించ్ వంటి మైదానాల రూపకల్పనలో ఆయన చేయి ఉంది. నేడు గోల్ఫ్ యాత్రికులు వెతుక్కుంటూ వెళ్లేది వీటికే. డెబ్భై దాటాక కూడా ఓపెన్‌లో ఆడిన టామ్, 1908లో మెట్ల మీద నుంచి పడి కన్నుమూశారు.

బ్రిటన్‌లో ఉన్న మీవాళ్ల దగ్గరికి వెళ్తే సెయింట్ ఆండ్రూస్ చూసి రండి. ఓల్డ్ కోర్స్‌లో మామూలుగా ఆదివారం ఆట ఉండదు, ఎవరైనా పిల్లలతో నడిచి రావచ్చు. పద్దెనిమిదో హోల్ పేరు టామ్ మోరిస్. పాత కెథడ్రల్ స్మశానంలో తండ్రీకొడుకుల సమాధులు ఉన్నాయి.