పుల్లరి నెదిర్చిన కన్నెగంటి హనుమంతు

ఆంధ్రదేశమున కృష్ణా పెన్నా నదుల నడుమ నల్లమల కొండలు ఉత్తర దక్షిణములుగా వ్యాపించియున్నవి. ఆ కొండలకు తూర్పున మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములును, ఈశాన్యమున పలనాడును గలవు. ఇంకను దక్షిణమునకు పోయినచో పామూరు, కనిగిరి సీమలకు పడమటి దిక్కున వెలికొండలు గోడవలె నిలిచియున్నవి. ఆంగ్లేయుల పాలనలో పామూరు నెల్లూరు జిల్లాలోను, మార్కాపురము కర్నూలు జిల్లాలోను, పలనాడు గుంటూరు జిల్లాలోను చేరియుండెను. జిల్లాలు వేరైనను ఈ సీమలలోని జనుల బ్రదుకుతెరువు ఒక్క తీరుననే సాగుచుండెను. వానలు తక్కువ, నేల రాతినేల. పైరు పండని యేట రైతును కాపాడునది పశువు. చేల గట్లపై గడ్డి మాడిపోయిన వేసవిలో ఆ పశువును కాపాడునది కొండ. కావుననే మందలను అడవికి తోలుకొనిపోయి మేపుట ఇచ్చట తరతరముల ఆచారమయ్యెను.

అట్టి ఆచారమునకు అడ్డము వచ్చిన పుల్లరి నెదిర్చి, ప్రాణములర్పించిన పలనాటి రైతు కన్నెగంటి హనుమంతు. పుల్లరి యనగా అడవిలో గడ్డి మేసిన పశువులపై విధించెడి పన్ను.

హనుమంతు పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మించాలపాడు అను చిన్న గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నేడు పల్నాడు జిల్లా దుర్గి మండలములో నున్నది. తల్లి అచ్చమ్మ; తండ్రి వెంకటప్పయ్య. వారిది సామాన్యమైన రైతు కుటుంబము. హనుమంతు ఉన్నత విద్యల నభ్యసించినవాడు కాడు. పట్టణములలో పేరు మ్రోగిన నాయకుడును కాడు. దుక్కి, విత్తనము, పశువుల పోషణము, ఇరుగుపొరుగుల మంచిచెడ్డలు, ఇవియే అతని లోకము. అయినను ధైర్యమునకును, మాటపై నిలుచు స్వభావమునకును ఊరివారు అతనిని గౌరవించెడివారు. పలనాడు వీరగాథలకు పుట్టినిల్లు. కారెంపూడి రణరంగమును, పలనాటి వీరుల కథలను విని పెరుగని బాలుడు ఆ సీమలో లేడు. ఆ కథల నడుమనే హనుమంతును పెరిగెను.

ఆతని బాల్య యౌవనముల కాలముననే అడవుల యాజమాన్యము మారిపోయెను. అంతకుముందు ఊరి చుట్టునున్న కొండలు, కంపపొదలు, గడ్డిబీళ్లు ఊరుమ్మడి సొత్తుగా చెల్లుచుండెను. ఇనుపదారులు వేయుటకు దుంగలును, పొగబండ్లకు వంటచెఱకును విరివిగా కావలసివచ్చుటతో ఆంగ్ల ప్రభుత్వపు దృష్టి అడవులపై బడెను. డీట్రిక్ బ్రాండిస్ అను జర్మనుదేశపు అటవీశాస్త్రవేత్త అప్పుడు ప్రభుత్వమునకు సలహాదారుగా నుండెను. ఆతని సలహాపై 1882 లో మద్రాసు అటవీ చట్టము వెలువడెను.

ఈ చట్టము సులభముగా పుట్టినది కాదు. 1878 లో దేశమున కొక అటవీ చట్టము చేయబడినప్పుడు మద్రాసు ప్రభుత్వము దానిని అంగీకరింపలేదు. ఈ రాజధానిలోని అడవులన్నియు ప్రజల వాడుకలో నున్నవనియు, ఆ హక్కులను త్రోసివేయుట న్యాయము కాదనియు రెవెన్యూ బోర్డు వాదించెను. ఆ వాదము కొంతకాలము నిలిచెను గాని తుదకు ఓడిపోయెను. ఊరి ప్రక్కనున్న కొండలు సైతము రక్షితారణ్యములుగా ప్రకటింపబడెను.

అడవిని కాపాడవలెనను వాదములో సత్యము లేకపోలేదు. మితిమీరి పశువులు తిరిగినచో లేతమొక్కలు నశించును. మేకలు చిగురును బ్రదుకనీయవు. కొండ బోడియైనచో వాననీరు నేలలో నింకక మట్టిని కోసికొనిపోవును. వాగులెండును, చెరువులు పూడును. గడ్డి నెన్ని పశువులు మేయవచ్చునో ఒక లెక్క యుండుట మంచిదే. కాని ఆ లెక్కను ఎవరు కట్టవలెను? కొండక్రింద కాపురముండువాడా, లేక దూరమున కూర్చుండి పటముపై గీత గీయువాడా? వివాదమంతయు ఇచ్చటనే పుట్టినది.

అమలులో ఆ చట్టము రైతునకు ఎట్లు తోచెనో చూడుడు. అడవికి సరిహద్దు రాళ్లు నాటిరి. కొన్నియెడల అవి ఇండ్లకును చేలకును మిక్కిలి దాపున నుండెను. ఇంతకాలము స్వేచ్ఛగా మేసిన పశువునకు తలకింతయని పన్ను కట్టి అనుమతిచీటి పొందవలసివచ్చెను. పశువు గీతను చదువలేదు గదా! చీటి లేని ఆవు పచ్చగడ్డిని చూచి రాయి దాటెనేని అటవీ బంటు దానిని పట్టి బందెలదొడ్డికి తోలెడివాడు. 1871 నాటి పశువుల చట్టము ననుసరించి జరిమానాయు, మేపుడుఖర్చును చెల్లించినగాని పశువు ఇంటికి రాదు. పుల్లరి చూచుటకు చిన్నమొత్తమే. కాని దానిని రొక్కముగా చెల్లింపవలెను. కఱవునాట రొక్కమెక్కడిది? దీనికి తోడు క్రింది యుద్యోగుల మామూళ్లుండెను. పాలు, పెరుగు, నెయ్యి, కోడి, ఏది కనబడిన దాని నడిగెడివారు. ఇచ్చినచో చట్టము కనుమూసికొనెడిది. ఈయనిచో పశువు బందెలదొడ్డి చేరెడిది.

ఈ బాధలు ఒక్క పలనాటివి కావు. రాజధాని నలుమూలలనుండి మొరలు రాగా 1912 లో ప్రభుత్వము ఒక అటవీసంఘమును నియమించెను. సంఘము 1913 లో తన నివేదిక నిచ్చెను. గ్రామముల అవసరములకు పనికివచ్చు కొన్ని అడవులను గ్రామ పంచాయతీల కప్పగింపవచ్చునని అందు సూచించెను. కాని ఆ సూచన మెల్లమెల్లగా కదలుచుండగా పలనాటి పశువులు బందెలదొడ్లలో నిలిచియే యుండెను.

ఇట్లుండగా 1921 వచ్చెను. ఆ సంవత్సరము మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమయ్యెను. గాంధీమహాత్ముని సహాయనిరాకరణ సందేశము గుంటూరు జిల్లా నుఱ్ఱూతలూపెను. చీరాల పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నుల భారమును సహింపక ఇండ్లు విడిచి ఊరి వెలుపల రామనగరమున పాకలు వేసికొనిరి. పలనాటివారికి అట్టి ఉపదేశము విడిగా నక్కఱలేకపోయెను. వారి సమస్య వారి ఇంటిముందే కట్టుత్రాటికి కట్టబడియుండెను. చీటి లేకుండ పశువులను అడవికి తోలసాగిరి. పుల్లరి చెల్లింపమనిరి. అటవీ యుద్యోగులు గ్రామమునకు వచ్చినచో వారికి బియ్యముగాని కూరలుగాని అమ్మరైరి. చాకలి, మంగలి పనులును వారికి జరుగలేదు.

పరిస్థితులను విచారించుటకై కాంగ్రెసు పక్షమున ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతము నరసింహాచార్యులు మొదలగు పెద్దలు పలనాటికి వెళ్లిరి. ప్రభుత్వము వారి రాకను నిషేధించెను. వారు ఆ యాజ్ఞను పాటింపకపోగా వారిని పట్టి కారాగారమునకు పంపెను. ఉన్నవవారు ఆ చెరసాలలోనే మాలపల్లి నవలను రచించి తెలుగువారికి సమర్పించిరి.

పట్టణములనుండి వచ్చిన నాయకులు చెరలో నుండగా పల్లెలలో ఉద్యమము నిలుచుట కష్టము. ఇట్టి సమయముననే హనుమంతు వంటివాని విలువ తెలిసెను. మించాలపాటిలోను, చుట్టుప్రక్కల పల్లెలలోను ఆతడు రైతులను కూడగట్టెను. ఒక్కడు భయపడి పుల్లరి చెల్లించినచో తక్కినవారి గుండెలు జారునని ఆతడెఱుగును. అందుచేత ఇల్లిల్లు తిరిగి ధైర్యము చెప్పెను. పశువులు బందెకు పోయినవారికి తోడ్పడెను. గ్రామాధికారులతో విరోధము వచ్చినను వెనుదీయలేదు. ఆతనిని తమవైపు త్రిప్పుకొనుటకు అధికారులు గొప్ప పదవి నిత్తుమని ఆశచూపిరనియు, ఆతడు దానిని తృణీకరించెననియు ఆ ప్రాంతమున చెప్పుకొందురు.

1922 ప్రారంభమున గుంటూరు జిల్లా కలెక్టరు రూథర్‌ఫర్డు. ఒకవైపు పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వమున రైతులు భూమిశిస్తును నిలిపివేసియుండిరి. మఱియొకవైపు పలనాడు పుల్లరిని నిలిపివేసెను. ప్రభుత్వము సాయుధ బలములను దింపి అణచివేతకు పూనుకొనెను. ఇంతలో ఫిబ్రవరి మొదటి వారమున ఉత్తరదేశమున చౌరీచౌరాలో జనులు పోలీసులను చంపిరి. హింసను సహింపని గాంధీజీ ఉద్యమమును నిలుపవలెనని నిర్ణయించెను. ఫిబ్రవరి 12 న బార్డోలీలో కాంగ్రెసు కార్యవర్గము అట్లే తీర్మానించెను.

దేశమున ఉద్యమము నిలిచినను నల్లమల క్రింది పల్లెలో ఆవునకు ఆకలి నిలువలేదు. పుల్లరి వసూలును నిలువలేదు. ఫిబ్రవరి చివరి దినములలో పన్ను రాబట్టుటకై అధికారులు పోలీసులతో మించాలపాటికి వచ్చిరి. పశువులను పట్టుటకు పూనుకొనగా గ్రామస్థులు అడ్డగించిరి. పోలీసులు తుపాకులు ప్రేల్చిరి. హనుమంతు గుండ్ల దెబ్బలు తిని నేలకొరగెను. ఆతనితోపాటు మఱికొందఱు కూడ ప్రాణములు కోలుపోయిరి. అవసానకాలమున ఆతనికి దాహమునకు నీరు సైతము చేరనీయలేదని పలనాటివారు నేటికిని కన్నీటితో చెప్పుకొందురు.

హనుమంతు మరణముతో పలనాటి పుల్లరి ఉద్యమము చల్లబడెను. పైకి చూచువారికి ప్రభుత్వమే గెలిచినట్లు తోచెను. కాని అడవి విషయమున ప్రజల సమ్మతి లేనిదే శాసనము చెల్లదను సత్యము అందఱికిని తెలియవచ్చెను. ఆ దశాబ్దమున మద్రాసు రాజధానిలో పలుచోట్ల కొన్ని అడవులు పంచాయతీల యేలుబడిలోనికి వచ్చెను. 1930 లో శాసనోల్లంఘనము సాగిన కాలమున దేశమున పలుప్రాంతములలో అడవి సత్యాగ్రహములు జరిగెను. హనుమంతు పేరు పాటలలోను కథలలోను నిలిచిపోయెను.

ఉమ్మడి భూమిపై పశువులెన్ని యుండవలెను, ఎవరు నిర్ణయింపవలెను అను ప్రశ్న మన దేశమునకే పరిమితము కాదు. అమెరికా పశ్చిమ భాగమున ప్రభుత్వపు బీళ్లలో అడవిగుఱ్ఱములు మందలుగా తిరుగుచున్నవి. పూర్వము స్పెయినువారు తెచ్చిన గుఱ్ఱములలో తప్పిపోయినవాని సంతతి వానిలో కలదు. మాంసమునకై వానిని క్రూరముగా వేటాడుచుండగా ప్రజలు మొఱపెట్టిరి. అంతట 1971 లో వానిని రక్షించు చట్టము చేయబడెను. మందలు పెరిగి గడ్డి చాలకపోవుటతో ఇప్పుడు వివాదము మఱియొక రూపమున సాగుచున్నది. గుఱ్ఱములు తమ పశువుల మేతను తినుచున్నవని పశువుల కాపులందురు. పశువులే గుఱ్ఱములకన్న ఎక్కువ మేయుచున్నవని గుఱ్ఱపు ప్రియులందురు. ప్రభుత్వోద్యోగులు హెలికాప్టరులతో తఱిమి కొన్నింటిని పట్టి తొలగింతురు. కొన్నింటికి సంతానము కలుగకుండ మందునిత్తురు. అచ్చట గుఱ్ఱము మాటలాడలేదు గనుక దాని పక్షమున ఇతరులు మాటలాడవలసివచ్చినది. పలనాట మాటలాడగల మనుష్యులే యుండిరి. వారి మాటను వినువారు లేకపోయిరి.

స్వతంత్ర భారతము ఈ ప్రశ్నను మఱల ఎత్తుకొన్నది. అడవిలో నివసించువారికిని, తరతరములుగా దానిపై ఆధారపడినవారికిని మేతహక్కు మొదలగు హక్కులను గుర్తించుచు 2006 లో ఒక చట్టము చేయబడినది. మఱియొకవైపు నల్లమలలో కొంత భాగము 1983 లో పులుల సంరక్షణ క్షేత్రముగా ఏర్పడినది. పులి బ్రదుకవలెననిన జింక బ్రదుకవలెను. జింక బ్రదుకవలెననిన గడ్డి మిగులవలెను. కొండక్రింది పల్లెలలోని ఆవు గేదెలకును గడ్డియే కావలెను. ఇవి రెండును న్యాయమైన కోరికలే. ఒకదానిని కాదని మఱియొకదానిని నిలుపుట సులభము. రెండింటిని నిలుపుటయే పరిపాలనము.

హనుమంతు అడవిని నఱుకుటకు పోరాడలేదు. ఆతడు కోరినది తన ఊరి పశువునకు పట్టెడు గడ్డి. తన ఊరి మాటకు కొంత విలువ. భూమిని కాపాడు నియమము ఆ భూమిపై బ్రదుకువారిని సంప్రదించి చేసినదైనచో జనులే దానికి కావలి కాయుదురు. వారిని తోసిపుచ్చి చేసినదైనచో దానిని నిలుపుటకు తుపాకి కావలసివచ్చును. చదువు లేని ఒక పలనాటి రైతు తన నెత్తుటితో చెప్పిన పాఠమిదియే. అడవిపై అధికారమున్నవారును, అడవిపై ఆధారపడినవారును ఈ పాఠమును మఱువరాదు.